డబ్బు ముద్రించిన పేటలో పాట

మా మేనమామగారి చెక్కపెట్టెలో ఒక రాగి నాణెం ఉండేది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీవారు తమ సరుకు మూటల మీద వేసుకునే గుర్తు, 1794 అనే సంవత్సరం. రెండోవైపు కంపెనీ చిహ్నం, రూపాయికి 48 అని ఇంగ్లీషు మాటలు. తెలుగక్షరం ఒక్కటీ లేదు. అయినా అది మన నాణెమే. ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తీరం కోసం, కంపెనీ ప్రత్యేకంగా చేయించిన నాణెం. రాగి బిళ్ళలను మనవాళ్ళు డబ్బు అనేవారు. ఆ చిన్న బిళ్ళ పేరే కాలక్రమంలో మొత్తం ధనానికి పేరయింది. బరంపురంలో పుట్టి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో డబ్బు లెక్కపెడుతున్న నాకు ఈ సంగతి నలభై దాటాక గాని తెలియలేదు.

మామయ్య పోయాక ఆ పెట్టె నాకు వచ్చింది. నాణేల పుస్తకం ఒకటి కొని దగ్గర పెట్టుకుని చూస్తే, ఇది మచిలీబందరులోనో మద్రాసులోనో తయారైనది కాదని తేలింది. ఇంగ్లండులో బర్మింగ్‌హాం పక్కన సోహో అనే చోట మాథ్యూ బోల్టన్ అనే ఆసామి పెట్టిన టంకశాలలో, ఆవిరి యంత్రంతో ముద్రించి ఓడల మీద పంపారట. ఆవిరి యంత్రం అనగానే పేరు గుర్తొచ్చే జేమ్స్ వాట్ ఈయన భాగస్వామే. సోహో ఉన్నది హాండ్స్‌వర్త్ అనే పేటలో. ఆ మాట చదివి ఆగిపోయాను. ఎందుకంటే హాండ్స్‌వర్త్ పేరు నాకు అంతకుముందే తెలుసు. అది నాణెం వల్ల కాదు, ఒక పాటల కేసెట్టు వల్ల.

1996లో నేను మద్రాసులో ఒక శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఆ ఏడు రహమాన్ సంగీతంతో లవ్ బర్డ్స్ అని ఒక తమిళ సినిమా వచ్చింది. అందులో నో ప్రాబ్లమ్ అనే పాట పాడినవాడు అపాచీ ఇండియన్. అసలు పేరు స్టీవెన్ కపూర్, పంజాబీ కుటుంబంలో ఇంగ్లండులో పుట్టినవాడు. పంజాబీవాడు జమైకా నల్లవాళ్ళ యాసలో పాడటమేమిటని నేను ఆశ్చర్యపోతుంటే, మా శాఖలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ మిత్రుడొకాయన నవ్వి, మర్నాడు ఒక కేసెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇతను పుట్టిన పేటలోనే అంతకుముందు పుట్టినవాళ్ళు వీళ్ళు. ముందు వీళ్ళని వినండి" అన్నాడు. కేసెట్టు పేరు హాండ్స్‌వర్త్ రివల్యూషన్. బృందం పేరు స్టీల్ పల్స్.

నాకు సంగీతం తెలీదు. చదివింది బి.కాం. చిన్నప్పుడు మా వీధి భజనగోష్ఠిలో తాళాలు వాయించేవాణ్ణి, అంతే నా అర్హత. కాని ఆ కేసెట్టు మొదటిసారి విన్నప్పుడు నా చేతులకి ఏదో తేడా తెలిసింది. మనం సమం దగ్గర దెబ్బ వేస్తాం. అక్కడ తాళం పడితేనే మనకు తృప్తి. వీళ్ళు సరిగ్గా అక్కడే ఖాళీ వదిలేస్తున్నారు. నాలుగు లెక్కలలో ఒకటోది ఖాళీగా పోతుంది, డ్రమ్ము బరువంతా మూడోదాని మీద పడుతుంది. రెండు, నాలుగు లెక్కల దగ్గర గిటారు కత్తిరించినట్టు చిన్నగా పలుకుతుంది. అన్నిటికీ అడుగున మంద్రంలో బాస్ గిటారు నడుస్తూ ఉంటుంది. నిజానికి రాగం నడిపేది అదే. అనాగతం అని మనవాళ్ళు అంటారే, సమం దాటాక పాట ఎత్తుకోవడం, ఆ రుచి తెలిసినవారికి రెగే కొత్త అనిపించదు. ఈ సంగీతంలో డబ్ అని ఒక పద్ధతి కూడా ఉంది. పాటలో గొంతు తీసేసి, బాస్‌నీ డ్రమ్మునీ మిగిల్చి, ప్రతిధ్వనులు కలిపి మళ్ళీ కొత్తగా అల్లుతారు. దీనికీ మన డబ్బుకీ ఏ చుట్టరికమూ లేదు. మాట కలిసింది కదా అని చెప్పాను.

రెగే 1968 ప్రాంతంలో జమైకాలో పుట్టింది. దానికి ముందు స్కా, రాక్‌స్టెడీ అనే రెండు రకాలుండేవి. బాబ్ మార్లీ పేరు వినని పాఠకులు తక్కువ కనుక ఆ చరిత్ర వదిలేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ పట్టాభిషేకం 1930లో జరిగింది. ఆయన పూర్వనామం రాస్ తఫరి. ఆయనను దైవంగా కొలిచే పేదల మతం ఒకటి జమైకాలో పుట్టింది. దానికి రస్తఫారి అని పేరు. జుట్టు కత్తిరించకుండా జడలు కట్టనివ్వడం, మాంసం మానడం, గంజాయిని పవిత్రంగా చూడటం వాళ్ళ ఆచారాలు. గంజా అనే మాట వాళ్ళకు మన దేశం నుంచి వెళ్ళిందే. 1845 నుంచి చెరకు తోటలకు కట్టుబడి కూలీలుగా వెళ్ళిన భారతీయులు దాన్ని అక్కడికి తీసుకెళ్ళారు. రెగే పాటగాళ్ళలో చాలామంది ఈ మతం వాళ్ళు. జమైకాలోనే మర్యాదస్థులు ఈ జడలవాళ్ళను చూసి దూరం జరిగేవారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తరవాత అవసరం అవుతుంది.

1948లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ వెస్టిండీస్ జనంతో ఇంగ్లండులో టిల్‌బరీ రేవుకు చేరింది. యుద్ధం తరవాత ఇంగ్లండుకు కూలీలు కావాలి. ద్వీపాలలో పని లేదు. బర్మింగ్‌హాంలో పోతపని కార్ఖానాలు, మోటారు కార్ఖానాలు, బస్సులు, ఆసుపత్రులు అన్నిచోట్లా మనుషులు కావాలి. 1950లలో వచ్చినవాళ్ళకు ఊళ్ళో చాలాచోట్ల ఇళ్ళు అద్దెకివ్వలేదు. ఇచ్చిన పేటల్లో హాండ్స్‌వర్త్ ఒకటి. అదే పేటకు పంజాబు నుంచి మనవాళ్ళూ చేరారు. పక్కనే ఉన్న స్మెథ్విక్‌లో 1964 ఎన్నికల్లో నల్లవాళ్ళ మీద ద్వేషం రెచ్చగొట్టి ఒక అభ్యర్థి గెలిచాడు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో అమెరికా నుంచి మాల్కం ఎక్స్ వచ్చి అక్కడి ఒక వీధిలో నడిచి వెళ్ళాడు. ఇంటికి తిరిగి వెళ్ళాక పదిరోజులు కాకుండానే హత్యకు గురయ్యాడు. 1968 ఏప్రిల్ 20న ఈనాక్ పవెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసవాళ్ళు ఉంటే దేశంలో నెత్తురు పారుతుందన్న అర్థంలో మాట్లాడిన ప్రసంగం కూడా బర్మింగ్‌హాం హోటల్లో జరిగిందే. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లలే మన కథానాయకులు.

వాళ్ళ ఇంటి పరిస్థితికీ మన పరిస్థితికీ పోలిక చెప్పడం కొంచెం జాగ్రత్తగా చేయాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా తాతగారు గుమ్మం దిగకుండానే అల్పసంఖ్యాకులయ్యారు. ఆయన ఎక్కడికీ వలస వెళ్ళలేదు, సరిహద్దే ఆయన్ని దాటుకుని వెళ్ళింది. చర్మం రంగు చూసి మమ్మల్ని ఎవరూ వీధిలో ఆపలేదు. హాండ్స్‌వర్త్ పిల్లల్ని పోలీసులు రోజూ ఆపేవారు. దానికి వాళ్ళు వాడిన చట్టం 1824 నాటి దేశదిమ్మరుల చట్టం. నేరం చేయనక్కరలేదు, చేసేలా ఉన్నాడన్న అనుమానం చాలు. ఆ నిబంధనను 1981లో గాని తీసెయ్యలేదు. కాబట్టి వాళ్ళ బాధ మన బాధ ఒకటే అని నేననను. పోలిక ఉన్నది వేరేచోట.

1975లో హాండ్స్‌వర్త్ వుడ్ బాలుర పాఠశాలలో చదువుకున్న కుర్రాళ్ళు ఒక బృందం కట్టారు. డేవిడ్ హైండ్స్ గొంతు, గిటారు. అతను బర్మింగ్‌హాంలోనే పుట్టాడు, తల్లిదండ్రులది జమైకా. బాసిల్ గాబిడన్ ముఖ్య గిటారు. రోనీ మెక్వీన్ బాస్. మార్లీ బృందం 1973లో తెచ్చిన క్యాచ్ ఎ ఫైర్ అనే రికార్డు విని వీళ్ళకు దారి కనిపించింది. పేరు సూచించినది మెక్వీన్. ఏదో ఉక్కు కార్ఖానాల ఊరు కనుక ఉక్కు నాడి అని పెట్టుకున్నారని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు, అది ఒక పందెపు గుర్రం పేరు. 1972లో ఐరిష్ డెర్బీ గెలిచిన గుర్రం. దాని యజమాని రవి టిక్కూ అనే భారతీయ నౌకావ్యాపారి కావడం ఇంకో చిత్రం. తరవాత కీబోర్డు మీద సెల్విన్ బ్రౌన్, గొంతూ తాళవాద్యాలతో అల్ఫాన్సో మార్టిన్, మరో గొంతుగా మైకేల్ రైలీ, డ్రమ్ముల మీద స్టీవ్ నిస్బెట్ వచ్చి చేరారు. నిస్బెట్ తక్కినవాళ్ళకన్నా వయసులో పెద్దవాడు, నెవిస్ ద్వీపంలో పుట్టినవాడు. 1976లో మొదటి చిన్న రికార్డు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పిల్లలకు మొదట వేదిక ఇవ్వనన్నది తెల్లవాళ్ళు కాదు. బర్మింగ్‌హాంలో కరీబియన్ జనం నడుపుకునే క్లబ్బులు. జడలు, రస్తఫారి మతం, కోపం నిండిన పాటలు. ఇవి తమ వేదికల మీద వద్దన్నారు. ఆ పెద్దల వైపు నుంచి కూడా ఆలోచించాలి. వాళ్ళు ఆదివారం టై కట్టుకుని చర్చికి వెళ్ళేవాళ్ళు. పరాయి దేశంలో మర్యాదగా కనిపించడం ఒక్కటే తమకున్న ఆస్తి అనుకున్నవాళ్ళు. ఎన్నో అవమానాలు దిగమింగి ఒక హాలు, ఒక క్లబ్బు సంపాదించుకున్నారు. అక్కడికి సొంత పిల్లలే వచ్చి, పోలీసులు ఏ వేషం చూసి మండిపడతారో ఆ వేషంలో నిలబడితే భయపడరా?

ఈ భయం నాకు తెలుసు. పదిహేనేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక తెలుగు సంఘానికి నేను కోశాధికారిని. ఉగాది సభకు పది రోజుల ముందు నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. చేతిలో ఒక గిటారు. కార్యక్రమంలో పదిహేను నిమిషాలు ఇమ్మన్నారు. వాళ్ళే కట్టుకున్న పాటట, వినిపించారు. సగం తెలుగు, సగం ఒడియా, మధ్యలో మా బజారు మాటలు. ఛందస్సు లేదు, సంధులు అంతకన్నా లేవు. బరంపురం తెలుగు ఎలా ఉంటుందో అలా ఉంది. పెద్దాయన ఒకరు "ఉగాది నాడు ఈ గోలేమిటి బాబూ, పంచాంగ శ్రవణం ఉంది, అష్టావధానం ఉంది" అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన మాట మెత్తగానే ఉంది. తేల్చేసింది నేను. "ఇంత అద్దె పోసి మైకు సెట్టు పెట్టించేది ఇందుకా?" అన్నాను. లెక్కల పుస్తకం నా చేతిలో ఉంది మరి. వాళ్ళు ఏమీ అనలేదు, వెళ్ళిపోయారు. ఆ ఏడే వినాయకచవితి పందిట్లో వాళ్ళ వాద్యాలు వినిపించాయి. హిందీ, ఒడియా పాటలు వాయించారు. చాలా బాగా వాయించారు. తెలుగు పాట ఒక్కటీ లేదు. నేను రోడ్డుకు ఇవతల నిలబడి విన్నాను. స్టీల్ పల్స్ చరిత్ర చదువుతూ క్లబ్బుల సంగతి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు గుర్తొస్తుంది. సరే, కథలోకి వస్తాను.

సొంత జనం తలుపు వేస్తే, వేరే వీధి వాళ్ళు తీశారు. అప్పట్లో ఇంగ్లండులో పంక్ అనే తెల్ల కుర్రాళ్ళ సంగీతం మొదలైంది. చిరిగిన చొక్కాలు, గట్టి కేకలు, ఎవరి మీద పడితే వాళ్ళ మీద కోపం. సంగీతపరంగా రెగేకూ దానికీ పొంతన లేదు. కాని ఇద్దరికీ మర్యాదస్థుల హాళ్ళు మూసే ఉన్నాయి. స్ట్రాంగ్లర్స్ వంటి పంక్ బృందాలతో కలిసి స్టీల్ పల్స్ ఊరూరా తిరిగింది. 1976 ఆగస్టులో ఎరిక్ క్లాప్టన్ అనే పెద్ద గిటారు విద్వాంసుడు బర్మింగ్‌హాం వేదిక మీదే ఈనాక్ పవెల్‌ను మెచ్చుకుంటూ మాట్లాడాడు. ఆయనకు అమెరికాలో మొదటి స్థానం తెచ్చిన పాట మార్లీది కావడం చూస్తే ఈ మాట ఇంకా చేదుగా ఉంటుంది. దానికి జవాబుగా కొందరు జాతివిద్వేషానికి వ్యతిరేకంగా రాక్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో ఆ ఉద్యమం పెట్టిన సభకు వేలాదిగా జనం వచ్చారు. క్లాష్, టాం రాబిన్సన్ బృందాలతో పాటు స్టీల్ పల్స్ అక్కడ వాయించింది.

వీళ్ళ వేదిక అలంకారం గురించి చెప్పాలి. బృందంలో ఒకడు ఖైదీ దుస్తుల్లో, ఒకడు పాస్టరులా, ఒకడు దొరగారి బంట్రోతులా వచ్చేవారు. నల్లవాడికి సమాజం ఏ పాత్రలు ఇచ్చిందో ఆ పాత్రలే వేసుకుని నిలబడటం. అమెరికాలో నల్లవాళ్ళను చంపిన కూ క్లక్స్ క్లాన్ ముఠా మీద వీళ్ళకొక పాట ఉంది. అది పాడేటప్పుడు ఆ ముఠావాళ్ళు వేసుకునే తెల్ల ముసుగులు తలకు తొడుక్కునేవారు. చూసేవాళ్ళకు ఒక్క క్షణం వెన్ను జలదరించేది. మన వీధి భాగవతంలో పగటివేషగాడు దొర వేషం కట్టి దొరనే వెక్కిరించే పద్ధతి ఇదే కదా అనిపించింది నాకు.

బర్నింగ్ స్పియర్ అనే జమైకా గాయకుడి కచేరీకి ముందు వీళ్ళు వాయించినప్పుడు ఐలండ్ రికార్డు కంపెనీ దృష్టిలో పడ్డారు. మార్లీ రికార్డులు తెచ్చినదీ ఆ కంపెనీయే. 1978లో కార్ల్ పిటర్సన్ నిర్మాతగా హాండ్స్‌వర్త్ రివల్యూషన్ వచ్చింది. ఇంగ్లండు పట్టికలో తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది. ఒక రెగే బృందం తొలి రికార్డుకు అది చిన్న విషయం కాదు. అదే ఏడు మార్లీతో కలిసి ఐరోపా అంతా తిరిగారు. నాకు ముఖ్యమనిపించేది ఆ పేరు. అప్పటిదాకా ఇంగ్లండులో రెగే అంటే జమైకా గురించి పాడేవారు, ఆఫ్రికా గురించి పాడేవారు. వీళ్ళు తాము నివసించే పేట పేరు రికార్డు అట్ట మీద వేశారు. పోలీసు రికార్డుల్లో, పత్రికల నేరవార్తల్లో మాత్రమే కనిపించే పేరు. మా కుటుంబాల్లో ఇప్పటికీ ఊరేదని అడిగితే విజయనగరమనో శ్రీకాకుళమనో ముత్తాతల ఊరు చెప్పేవాళ్ళున్నారు. బరంపురం అని చెప్పడానికి ఎందుకో వెనకాడతారు.

రెండో రికార్డు ట్రిబ్యూట్ టు ది మార్టిర్స్, 1979. దక్షిణాఫ్రికా పోలీసు నిర్బంధంలో 1977లో చనిపోయిన స్టీవ్ బీకో మీద, అమెరికా జైల్లో చనిపోయిన జార్జ్ జాక్సన్ మీద పాటలున్నాయి అందులో. 1980లో వచ్చిన మూడోది కాట్ యూ. ఇది నృత్యానికి పనికొచ్చేలా కాస్త తేలిక చేశారు. అమ్మకాలు పెరగలేదు, పాత అభిమానులు పెదవి విరిచారు. ఐలండ్ కంపెనీతో సంబంధం అక్కడితో తెగింది. ఖాతాదారుడు బాగున్నంతకాలం కుర్చీ వేసి కూర్చోబెట్టడం, రెండు వాయిదాలు తప్పితే మొహం తిప్పుకోవడం మా వృత్తిలోనూ ఉంది కనుక ఆ కంపెనీని నేనేమీ అనలేను.

ఈలోగా బృందంలోంచి మనుషులు జారడం మొదలైంది. మైకేల్ రైలీ మొదటి రికార్డు తరవాతే వెళ్ళిపోయాడు. ఈయన దారి విశేషమైనది. 1980ల చివర వయొలిన్లు, సెల్లోలతో రెగే వాయించే నల్లజాతి వాద్యబృందాన్ని కట్టాడు. ఆ తరవాత వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, బ్రిటన్‌లో నల్లవాళ్ళ సంగీతచరిత్రను సేకరించే పరిశోధన విభాగాన్ని నడిపాడు. వేదిక ఇవ్వనన్న రోజులను కూడా రికార్డు చేసి పెట్టేవాడొకడు ఉండాలి కదా. మూడో రికార్డు తరవాత బాసిల్ గాబిడన్ తప్పుకున్నాడు. బృందం పుట్టించిన వాళ్ళలో ఒకడు. అతను బర్మింగ్‌హాంలోనే ఉండి సంగీతం కొనసాగించాడు. గుర్రం పేరు తెచ్చిన మెక్వీన్ 1980ల మొదట్లో వెళ్ళాడు, అతని చోట ఆల్విన్ ఇవెన్ వచ్చాడు. మార్టిన్ 1991 దాకా ఉన్నాడు.

1981లో మార్లీ చనిపోయిన ఏడాదే జమైకాలో జరిగిన రెగే సన్‌స్ప్లాష్ ఉత్సవానికి వీళ్ళను పిలిచారు. ఇంగ్లండులో పెరిగిన పిల్లలు అమ్మానాన్నల ద్వీపానికి వెళ్ళి వాళ్ళ సంగీతాన్ని వాళ్ళకే వినిపించడం. తెనాలిలో బరంపురం నాటకసమాజం ఆడినట్టు అనుకోండి. జనం మెచ్చుకున్నారు. 1982లో ట్రూ డెమోక్రసీ వచ్చింది. నా లెక్కలో వీళ్ళ రికార్డులన్నిటిలో ఇదే మేలైనది. కోపం తగ్గలేదు, కాని గొంతు చించుకోవడం తగ్గింది. మార్కస్ గార్వీని తలచుకునే పాట ఒకటి ఇందులో ఉంది. నా ఫోనులో ఇప్పటికీ ఎక్కువగా మోగేది అదే. 1984లో ఎర్త్ క్రైసిస్. ఆ తరవాతి బాబిలాన్ ది బాండిట్‌కు 1987లో గ్రామీ బహుమతి వచ్చింది. రెగేకు ఆ బహుమతి జమైకా బయటివాళ్ళకు దక్కడం అదే మొదలు.

ఆ బహుమతి వచ్చేనాటికి హాండ్స్‌వర్త్ ఎలా ఉంది? 1985 సెప్టెంబరు 9న పోలీసులకూ కుర్రాళ్ళకూ మొదలైన గొడవ రెండు రోజులు సాగి, లోజెల్స్ వీధి తగలబడింది. అక్కడ తపాలా కార్యాలయం నడుపుకునే ఆసియా అన్నదమ్ములిద్దరు మంటల్లో చనిపోయారు. రివల్యూషన్ అని పాడటం వేరు, వీధి తగలబడటం వేరు. పాటలు అగ్గి పెట్టాయని నేననను. నిరుద్యోగం, పోలీసుల తీరు, మూతపడ్డ కార్ఖానాలు పెట్టాయి. కాని పక్కపక్క ఇళ్ళలో బతికిన రెండు రకాల వలసవాళ్ళలో ఒకరి కోపానికి ఇంకొకరి ప్రాణాలు పోవడం ఆ పేట చరిత్రలో ఉంది, దాన్ని దాటేసి పాటల గొప్ప మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ మరుసటి ఏడు జాన్ అకొంఫ్రా హాండ్స్‌వర్త్ సాంగ్స్ అనే డాక్యుమెంటరీ తీశాడు. దొరికితే చూడండి.

అప్పటికి స్టీల్ పల్స్ శ్రోతల్లో పెద్దభాగం అమెరికాలో ఉన్నారు. 1992లో న్యూయార్కులో నల్లవాళ్ళనీ జడలవాళ్ళనీ టాక్సీవాళ్ళు ఎక్కించుకోవడం లేదని అక్కడి టాక్సీల సంస్థ మీద దావా వేశారు. 1993లో క్లింటన్ పదవీస్వీకార వేడుకల్లో వాయించారు. రెగే బృందానికి అలాంటి పిలుపు రావడం అంతకుముందు లేదు. చిన్నప్పటి పేట క్లబ్బులో చోటు దొరకనివాళ్ళకు!

అదే ఊరి నుంచి వచ్చిన ఇంకో బృందం పేరు మీలో ఎక్కువమంది విని ఉంటారు, యూబీ40. ఇంగ్లండులో అప్పట్లో నిరుద్యోగ భృతికి సంబంధించిన ఫారం పేరే అది. ఫారాల మధ్య బతికే నాకు ఆ పేరు ఎంతో నచ్చింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసిన బృందం. రెడ్ రెడ్ వైన్‌తో 1983లో మొదటి స్థానానికి ఎక్కారు. సొమ్ము, కీర్తి స్టీల్ పల్స్‌కన్నా ఎన్నో రెట్లు చూశారు. 2008లో ముఖ్య గాయకుడు తప్పుకున్నాక సొంత అన్నదమ్ములే ఒకే పేరు మీద రెండు బృందాలై తగవులాడుకున్నారు. ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడే ఎవరు సంతకం పెట్టాలో రాయించుకోండి అని మేం మొత్తుకునేది ఇందుకే.

1997లో ఒక రికార్డు, 2004లో ఆఫ్రికన్ హోలోకాస్ట్. తరవాత పదిహేనేళ్ళు కొత్త రికార్డు లేదు, కచేరీలు ఆగలేదు. నిస్బెట్ ఆరోగ్యం దెబ్బతిని డ్రమ్ముల దగ్గరినుంచి లేచిపోయాడు. 2018 జనవరిలో చనిపోయాడు. 2019 మేలో మాస్ మానిప్యులేషన్ వచ్చింది. అందులో మొదటి రికార్డు నాటి వాళ్ళు ఇద్దరే, హైండ్స్, సెల్విన్ బ్రౌన్.

ఆ వేసవిలోనే నేను బర్మింగ్‌హాం వెళ్ళాను. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది. ఊళ్ళో ఏం చూస్తావు నాన్నా అంటే హాండ్స్‌వర్త్ అన్నాను. "అక్కడేముంది, అందరూ కోటలకి తీసుకెళ్ళమంటారు, నువ్వేమిటి?" అంటూనే తీసుకెళ్ళింది. సోహో వీధి పొడవునా చీరల కొట్లు, మిఠాయి కొట్లు, ఒక పెద్ద గురుద్వారా, మధ్యమధ్య జమైకా తిండి హోటళ్ళు. బోల్టన్ నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కొంచెం దూరంలో సెయింట్ మేరీ చర్చి. బోల్టన్‌నూ వాట్‌నూ సమాధి చేసింది అక్కడే. మేం వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాం. నేను జేబులోంచి మామయ్య నాణెం తీసి చూపించాను. ఇది ఇక్కడే తయారయింది, మన ఊరి కోసం అని చెప్పాను. అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "తెలుగులో ఏమీ లేదేం?" అంది. తను తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఒడియా మాధ్యమంలోనూ తరవాత ఇంగ్లీషులోనూ చదివింది. ఉంటే చదివేదానివా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ తప్పు తనది కాదు.

పోయిన సంవత్సరం మా శాఖకు ఒకతను అప్పు కోసం వచ్చాడు. పెళ్ళిళ్ళకూ పూజలకూ అద్దెకిచ్చే సౌండు సెట్టు కొనుక్కోవాలట. దరఖాస్తులో పేరు చూసి తల ఎత్తితే, ఆ నలుగురు కుర్రాళ్ళలో గిటారు పట్టుకున్నవాడు. జుట్టు నెరుస్తోంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టి, "గిటారు వాయిస్తున్నావా బాబూ ఇంకా?" అని తెలుగులో అడిగాను. లేదనీ, తన తమ్ముడు వాయిస్తున్నాడనీ చెప్పాడు. ఒడియాలో చెప్పాడు.